పలక పట్టుకుని తిరుపతి, చిత్తూరు

తిరుపతి ప్రయాణానికి సామాను సర్దడం ఒక విద్య. వెళ్ళేటప్పుడు ఎంత తక్కువ పట్టుకువెళ్ళినా, వచ్చేటప్పుడు లడ్డూలూ, పసుపు కుంకాలూ, చుట్టాలిచ్చిన మామిడికాయలూ కలిసి సంచులు రెట్టింపవుతాయి. కాబట్టి ఏమేం తీసుకువెళ్ళాలా అని కాక, ఏమేం ఇంట్లో వదిలి వెళ్ళాలా అని ఆలోచించేవాడే తెలివైనవాడు. మొన్న జూన్ నెలలో మేము బయలుదేరినప్పుడు ఆ ఆలోచనేదో నా తరఫున మా ఆవిడే చేసిపెట్టింది.

"ఆ ల్యాప్‌టాపు ఈసారి రాదు. అది వచ్చేట్టయితే నేను రాను" అన్నది.

ఆమె మాటలో అన్యాయమేమీ లేదు. ఆ ల్యాప్‌టాపు తూకం రెండు కిలోలు పైనే. దాని చార్జరు చూస్తే చిన్న ఇటికరాయి. రెండూ నా కుడిభుజం మీదే ఎక్కుతాయి. ఆ భుజానికి కాపడం పెట్టవలసింది మాత్రం ఆవిడ. అందుకని మా అమ్మాయి వాడి పక్కన పడేసిన పది అంగుళాల ట్యాబు బీరువాలోంచి బయటికి వచ్చింది. దానికి అట్టలాగా తగిలించే కీబోర్డు ఒకటి కొన్నాను. ట్యాబు అరకిలో వుంటుంది. అట్ట తగిలిస్తే ఇంచుమించు కిలో అవుతుంది. అంగళ్ళలో ట్యాబు బరువు చెబుతారు గాని అట్ట బరువు చెప్పరు. కొనదలచిన వాళ్ళు రెండూ కలిపి చేత్తో ఎత్తి చూసుకోవడం మంచిది. అయినా రెండు కిలోలకూ ఒక కిలోకూ వున్న తేడా ఏమిటో అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళకు చెప్పనక్కరలేదు. పైగా దీనికి వేరే చార్జరు అక్కరలేదు, ఫోను చార్జరే సరిపోతుంది.

ప్రయాణం చేస్తూ రాయడం మనవాళ్ళకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి మీదుగా కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణంలో ప్రతి మజిలీ విశేషాలూ రాసుకుంటూ, చెన్నపట్నంలోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారికి పంపుతూ వచ్చారు. అదే 1838లో కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంగా అచ్చయింది. ఆయనకు పల్లకీ వుంది, బోయీలున్నారు, సామాను మోసే పరివారం వుంది. నాకున్నది ఒక్క భుజం. అదీ చెప్పాను కదా.

దర్శనం ఒక పని అయితే, ఈ ప్రయాణంలో నాకు రెండో పని ఒకటి వుంది. చిత్తూరుకు కొద్ది దూరంలో ఒక పల్లెలో మా పెద్దమ్మ వుంటుంది. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. శ్రావణమాసం రాగానే కొడుకు వచ్చి బెంగుళూరు తీసుకుపోతాడు. ఇంటికి తాళం పడుతుంది. చేనూ మామిడితోపూ అప్పటికే బేరమైపోయాయి. ఆ పల్లె చుట్టూ వున్న కయ్యల పేర్లూ, బావుల పేర్లూ, ఏ నీళ్ళు ఏ మడికి పారేవో అన్న లెక్కా ఇప్పుడు ఆమె ఒక్కతె తలలోనే వున్నాయి. వాటిని రాసిపెడతానని రెండేళ్ళుగా అంటూ వచ్చాను. ఈసారి రాయకపోతే ఇక రాయడానికి ఆ ఇల్లుండదు. కనుక కొత్త పరికరం పనికివస్తుందా రాదా అన్నది నాకు సరదా ప్రశ్న కాదు.

మొదటి పరీక్ష రైల్లోనే వచ్చింది. హైదరాబాదు దాటాక కింది బెర్తు మీద కూర్చుని అట్ట విప్పాను. ఈ ట్యాబు తనంతట తాను నిలబడదు. వెనకనున్న రేకు కాలిలా బయటికి లాగితే దాని ఆసరాతో నిలుస్తుంది. ఆ కాలికి చదునైన బల్ల కావాలి. నా తొడలేమో బల్లలు కావు. బండి ఊగినప్పుడల్లా అది వెనక్కు వాలిపోయింది. ల్యాప్‌టాపు అనే పేరులోనే ఒడి వుంది. ఎంత బరువైనా అది ఒడిలో కుదురుగా కూర్చుంటుంది. ఇది ఒళ్ళో కూర్చోనని మారాం చేసే పిల్ల. చివరికి మా ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, దానిమీద భోజనం క్యారేజీ మూత బోర్లించి, దాని మీద ట్యాబు నిలబెట్టాను. ఎదుటి బెర్తు పెద్దమనిషి ఇదంతా ఆసక్తిగా చూసి, "సార్ గారు ఏదో హోమం చేస్తున్నట్టున్నారు" అన్నాడు.

మరో సంగతి ఇంటి దగ్గరే సరిచూసుకోవాలి. చాలా ట్యాబులు తెర మీద తెలుగు చక్కగా రాస్తాయి గాని, కీబోర్డు తగిలించగానే ఇంగ్లీషులోకి దూకుతాయి. సెట్టింగుల్లోకి వెళ్ళి, తగిలించిన కీబోర్డుకు కూడా తెలుగు అని చెప్పాలి. నేను రాసేది ఇన్‌స్క్రిప్టు పద్ధతి. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ తయారుచేయించిన మీటల అమరిక అది. అచ్చులు ఎడమచేతికీ, హల్లులు కుడిచేతికీ వస్తాయి. అందులో గొప్ప సుఖమేమిటంటే, తెలుగులో 'క' వున్న మీట మీదే కన్నడంలోనూ, తమిళంలోనూ 'క' వుంటుంది. మూడు భాషలూ కలిసి కాపురముండే చిత్తూరు సీమకు ఇంతకంటే తగిన ఏర్పాటు ఏముంటుంది?

రేణిగుంటలో తెల్లవారింది. ఇలాంటి యంత్రాలు ఎక్కడో సముద్రాల అవతల పుడతాయని మనకొక నమ్మకం. కాని ఇక్కడికి దగ్గరలోనే, సత్యవేడు పక్కనున్న శ్రీసిటీలో 2015 నుంచే సెల్‌ఫోన్లు బిగించడం మొదలైంది. పూర్వం ఈ దారినపోయేవాళ్ళు కాళహస్తి కలంకారీని తలుచుకునేవారు; ఇప్పుడు రెండూ తలుచుకోవాలి.

అలిపిరిలో బరువు సంచులు దేవస్థానంవారికి అప్పగించి చీటీ తీసుకున్నాం. వాళ్ళు బండిలో పైకి చేరుస్తారు. ట్యాబును మాత్రం గుడ్డసంచీలో వేసి భుజాన తగిలించుకున్నాను. 3,550 మెట్లు. గాలిగోపురం దగ్గర ఒక రాతి అరుగు దొరికింది. అరుగు చదునుగా వుంది కనుక ట్యాబు బుద్ధిగా నిలబడింది. నాలుగు వాక్యాలు రాశానో లేదో, పసుపుచీర కట్టుకున్న ఒకావిడ దగ్గరికొచ్చి నిలబడి, "ఏం సర్వే సామీ? మాది కూడా రాసుకోండి" అన్నది. ఆమె తప్పు కాదు. ఈనాడు పల్లెల్లో చేత పలకలాంటిది పట్టుకుని కనబడేవాడు తప్పకుండా ఏదో ఒక లెక్కకోసం వచ్చినవాడే. నాది కాయితాల ఉద్యోగం కాదనీ, పత్రికకు రాసుకుంటున్నాననీ చెబితే ఆమె నిరుత్సాహపడి వెళ్ళిపోయింది.

ఆలయంలోకి ఫోన్లూ, కెమెరాలూ, ఇలాంటివేవీ రానివ్వరు. కౌంటరులో అప్పగించి టోకెను పుచ్చుకుని వరుసలో నిలబడ్డాం. చేతిలో ఏమీ లేకుండా అన్ని గంటలు నిలబడడం ఈ రోజుల్లో మళ్ళీ నేర్చుకోవలసిన విద్య. నిలబడి ఆలోచిస్తుంటే నాకు గుర్తొచ్చినవి అన్నమయ్య రాగిరేకులు. తాళ్ళపాక అన్నమాచార్యులు రచించినవి ముప్ఫైరెండు వేల సంకీర్తనలని ప్రతీతి. పన్నెండు వేల పైచిలుకు దొరికాయి. కొడుకు పెదతిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. ఆ రేకులు ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాలపాటు వుండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు వంటి పండితులు వాటిని పరిష్కరించారు. ఈనాటికీ అచ్చుపుస్తకాల్లో సంకీర్తన పక్కన ఫలానా రేకు అని సంఖ్య వేస్తారు. మన చేతిలోని ట్యాబు కూడా ఒక రేకే. కాని అది నాలుగు వందల ఏళ్ళ మాట అటుంచి నాలుగేళ్ళు బతికితే ఘనం. ఈ ఆలోచన తరువాత పల్లెలో నాకు మళ్ళీ అడ్డొచ్చింది.

మర్నాడు చంద్రగిరి. విజయనగర రాజుల చివరి రోజుల రాజధాని. రాజమహలు కట్టడంలో కలప వాడలేదంటారు. రాయి, ఇటుక, సున్నం. ఇప్పుడు అందులో పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల వుంది. కొండా, కోటా, తామరలాగా విచ్చుకున్న మహలు గోపురాలూ చూసి, చూసింది చూసినట్టు అక్కడే రాద్దామని పచ్చిక మీద కూర్చున్నాను. పదకొండు గంటల ఎండ. తెర తెరిస్తే అక్షరాలు లేవు. నా ముఖం వుంది. రాజమహలును వర్ణించబోయి నా ముఖాన్ని నేనే వర్ణించుకోవలసిన పరిస్థితి వచ్చింది. తెర వెలుగు పూర్తిగా పెంచితే అక్షరాలు లీలగా కనబడ్డాయి గాని, పది నిమిషాల్లో అది పెనంలాగా కాలి, చల్లబడేదాకా పనిచేయనని నోటీసు ఇచ్చింది. మా ఆవిడ తన చేతిసంచీలోంచి చాకలిపద్దు పుస్తకమూ, పెన్సిలూ తీసి మాట్లాడకుండా నా చేతికిచ్చింది. చంద్రగిరి ముచ్చట్లన్నీ ఆ పద్దు వెనక పుటల్లోనే వున్నాయి.

చంద్రగిరి నుంచి చిత్తూరుకు పల్లెవెలుగు బస్సు ఎక్కాం. రోడ్డు ఇప్పుడు ఎంత వెడల్పంటే, బస్సు ఊళ్ళకు దూరంగా పోతున్నట్టే వుంటుంది. పాకాల వైపు దారి చీలిన చోట మధురాంతకం రాజారాంగారు జ్ఞాపకం వచ్చారు. పాకాలకు పక్కనే దామలచెరువు. అక్కడ బడిపంతులుగా వుంటూ, ఈ మెట్ట సీమ మనుషుల మీద వందల కథలు రాశారాయన. కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1993లో వచ్చింది. బడి వదిలాక, కాగితమూ కలమూ. మనం కీబోర్డుకు కాలు నిలవడం లేదని ఫిర్యాదు చేస్తున్నాం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక తిరుపతి ఒక జిల్లా, చిత్తూరు ఒక జిల్లా అయ్యాయి. మామిడికాయలకు మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు. తోతాపురి కాయలు కొండల్లా నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరుస కట్టి నిలబడ్డాయి. చిత్తూరులో దిగి, ఆటో పట్టుకుని సందెవేళకు పల్లె చేరాం.

"పెద్దమ్మా, నీ మాటలు రాసుకోవడానికి ట్యాబ్లెట్ తెచ్చాను" అన్నాను.

"ఎవురికి జొరం?" అన్నది పెద్దమ్మ కంగారుగా.

ఆ ఇంట్లో మావాళ్ళ అబ్బాయి ఒకడున్నాడు, పెద్దమ్మకు మునిమనవడి వరస. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పాఠాలు నింపి ఎనిమిదో తరగతి పిల్లలకు పంచిన ట్యాబుల్లో ఒకటి వాడిచేతికి వచ్చింది. దానితో చదివి, దానిని విప్పి, దానిని మళ్ళీ బిగించి, వాడు ఈ విద్యలో నన్ను మించినవాడయ్యాడు. "మామా, నువ్వు టైపు కొట్టే పనే లేదు. అవ్వ చెప్తా వుంటే అదే రాసుకుంటాది" అని మైకు గుర్తు నొక్కాడు.

పెద్దమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఈతమాను కయ్య, పుట్టకయ్య, దొరువుకింద మడి. కపిల తోలేటప్పుడు ఎద్దులు ఎక్కడ తిరిగేవి, గెనిమ తెగితే ఎవరి నీళ్ళు ఎవరికి పోయేవి, ఏ సంవత్సరం బావి ఎండితే ఎవరు అడుగుకు దిగి ఊట తవ్వారు. ఆమె మాట ఏటిపారుదల. యంత్రం కూడా చకచకా రాసింది. చూస్తే పుట్టకయ్య "పుట్టుక అయ్య" అయింది. గెనిమ "గని మా" అయింది. మిగిలినవన్నీ చక్కగానే వున్నాయి, చిక్కంతా అక్కడే. ఆమె "ఉండాది" అన్నచోటల్లా అది "ఉంది" అని రాసింది. ఆమె "వచ్చినాడు" అంటే "వచ్చాడు" అని దిద్దింది. మా పెద్దమ్మ రేడియోలో వార్తలు చదువుతున్నట్టు వుంది. చిత్తూరు పల్లె మాటను ఉన్నదున్నట్టు పుస్తకాలకెక్కించడానికి నామిని సుబ్రహ్మణ్యం నాయుడుగారి వంటివాళ్ళు పడిన శ్రమ ఈ యంత్రానికి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబోలు.

మైకు కట్టేసి, కీబోర్డు విప్పి, నేనే రాయడం మొదలుపెట్టాను. చాప మీద పీట వేసుకుని, పీట మీద ట్యాబు నిలబెట్టుకుని, గంటసేపు రాశాను. వేళ్ళు బాగానే నడిచాయి. కీబోర్డు కొంచెం ఇరుకు గాని, అలవాటయ్యాక పేజీలకు పేజీలు ల్యాప్‌టాపు మీద రాసినట్టే రాయవచ్చు. ఈ విషయంలో దానికి వంక పెట్టను. వంక పెట్టింది పెద్దమ్మ.

"ఏందో తలుపు అడ్డం పెట్టుకోని రాస్తా వుండావు. నాకు నీ మొగమే అగపళ్ళేదు, ఎవురికి చెప్పాలబ్బా నేను?"

నిజమే. ల్యాప్‌టాపు మూత అయినా, ఈ ట్యాబు తెర అయినా, నిలబెట్టి రాస్తే మనిషికీ మనిషికీ మధ్య అడ్డుగోడే. కాని ల్యాప్‌టాపుకు లేని సౌకర్యం దీనికొకటి వుంది. కీబోర్డు అట్టను పట్టున లాగితే ఊడి వచ్చేస్తుంది. ట్యాబును చాప మీద మా ఇద్దరి మధ్యా పరిచాను. రెండు వేళ్ళతో అక్షరాలను బొటనవేలంత చేశాను. పెద్దమ్మకు కంటి ఆపరేషనైంది, అయిదో తరగతి చదివింది. ముందుకు వంగి ఒక్కొక్క మాటే చదివింది.

"ఈడ చూడు, ఉంది అని రాసినావు. నేనెప్పుడన్న్యా అట్ల?" అన్నది. అది యంత్రం రాసిన ముక్కల్లో మిగిలినది. దిద్దాను. తరువాత దొరువుకింద మడి పైన కాదు కింద అన్నది. అదీ దిద్దాను. కొసకు వచ్చేసరికి ఆమెకు ఓపిక నశించి, "దీని మింద వేలితో రాయొచ్చునా?" అని అడిగింది. అబ్బాయి తెల్లకాగితం లాంటి పుట ఒకటి తెరిచి ఇచ్చాడు. పెద్దమ్మ చూపుడువేలు తెర మీద పెట్టి, అందరికంటే ముందు "శ్రీ" అని చుట్టింది. కింద చెరువు గీసింది. చెరువు కట్ట, తూము, తూము నుంచి కాలువ, కాలువకు ఇటు నాలుగు మళ్ళు, అటు మూడు. ఒక్కొక్కదానిలో పేరు రాసింది. మార్కాపురం పలక మీద బలపంతో రాసినంత తేలిగ్గా రాసింది. తప్పుపోతే చీరకొంగుతో తెర తుడవబోయింది. అబ్బాయి నవ్వుతూ చెరిపే గుర్తు చూపించాడు.

ఇంతలో పక్కింటాయన గడపలో నిలబడి, "రీసర్వేకా సార్?" అని అడిగాడు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే గురించి ఆయన భయం ఆయనది. ఆ సర్వే అయిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సెల్ నంబర్లు వచ్చాయి. హద్దులు అంగుళాలతో సహా తేలతాయి, మంచిదే. అయితే ఈతమాను కయ్య అన్న పేరుకు ఆ కాగితంలో గడి లేదు. పక్కింటాయన కూర్చుని పటం చూశాడు. చూసి, "ఈ కాలవ ఇట్ల కాదు పెద్దమ్మా" అన్నాడు. ఇద్దరికీ వాదం పడింది. ఎనిమిది గంటలకు మొదలైన వాదం పదింటిదాకా సాగి, ఆ లోగా నాకు తెలియని మూడు బావుల పేర్లు బయటపడ్డాయి. మా ఆవిడ రాగిసంగటీ, వేరుశనగ ఊరిబిండీ చాప మీదికే తెచ్చిపెట్టింది. తెర మీద ఊరిబిండి మరక పడింది గాని నష్టమేమీ లేదు.

పరికరం గురించి నా అభిప్రాయం కూడా చెప్పాలి కదా. ఇంట్లో బల్ల ముందు కూర్చుని రాసేవాడికి ల్యాప్‌టాపే మేలు. రెండు మూడు ఫైళ్ళు పక్కపక్కన తెరిచి ఇందులోది అందులోకి మార్చడం ట్యాబులో పెద్ద తతంగం. మన అచ్చాఫీసుల్లో ఇప్పటికీ నడుస్తున్న పాతకాలపు తెలుగు ఫాంట్లు విండోసు కంప్యూటర్లవి. వాటిలో దాచుకున్న నా పాత వ్యాసాలు ఇందులో తెరిస్తే గజిబిజి గీతలు కనబడ్డాయి. యూనికోడులో రాసినవైతే ఎక్కడికి పంపినా చెక్కుచెదరవు. ఇవన్నీ పట్నంలో బాధలు. పెద్దమ్మ చాప మీద మాత్రం ల్యాప్‌టాపు వుండివుంటే నాకు ఆ పటం దొరికేది కాదు.

పడుకోబోయే ముందు పెద్దమ్మ అడిగింది: "కరెంటు పోతే ఇదంతా యాడికి పోతుంది నాయినా?"

కరెంటు పోయినా పోదని చెప్పాను. "ఇది చెడిపోతే?" అన్నది. నాకు రాగిరేకులు మళ్ళీ కళ్ళముందు నిలిచాయి. ఒక నకలు అబ్బాయి ఫోనులోకీ, ఒకటి అమ్మాయి దగ్గరికీ పంపించాను. పొద్దున్నే బస్సెక్కి చిత్తూరు వెళ్ళాను. బస్టాండు దగ్గర జిరాక్సు అంగడిలో ట్యాబుకూ వాళ్ళ ప్రింటరుకూ పొత్తు కుదరలేదు. రాసినదాన్నీ, పటాన్నీ పీడీఎఫ్‌గా చేసి అంగడివాడి వాట్సాపుకు పంపితే, అతను తన కంప్యూటరులో తెరిచి రెండు నిమిషాల్లో అచ్చు తీశాడు. పెద్ద అక్షరాల్లో ముప్ఫైనాలుగు పుటలు. స్పైరల్ బైండింగు చేయించి, పైన ప్లాస్టిక్ అట్ట వేయించాను.

మధ్యాహ్నానికి పెద్దమ్మ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి పుట నుంచి చివరి పుటదాకా, భోజనం కూడా మాని, వేలు పెట్టి చదివింది. చదివి పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అంతా బాగుండాది. మీ అమ్మ పుట్టినింటి దోవలో చింతమాను బావి యేదిరా దీంట్లో?"

ట్యాబు తీసి, కీబోర్డు పక్కన పెట్టి, చాప పరిచాను.